బొబ్బర్లు చల్లించిన పంతులుగారు – జార్జ్ వాషింగ్టన్ కార్వర్

ఈ ప్రత్యేక సంచికకు ఎవరికి నచ్చిన మహనీయుని జీవితాన్ని వారు రాయవలసిందని మన సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు, మిత్రులు చాలామంది దేశనాయకులను, సంఘ సంస్కర్తలను ఎన్నుకున్నారు. నేను ఎన్నుకున్న మనిషి అమెరికా దేశస్థుడు, నల్లజాతివాడు. బానిసగా పుట్టి వ్యవసాయ శాస్త్రజ్ఞుడైన జార్జ్ వాషింగ్టన్ కార్వర్. వేరుశనగ నుంచి మూడువందల రకాల వస్తువులు చేసినవాడుగా ఆయన పేరు కొందరు విని ఉంటారు. నాకు మాత్రం ఆ మూడువందల వస్తువుల కంటే ఆయన బొబ్బర్ల మీద రాసిన చిన్న పుస్తకమే గొప్పదనిపిస్తుంది. వ్యవసాయ శాఖలో గుమాస్తాగా ముప్పై మూడేళ్ళు ఎరువుల ఫైళ్ళు నడిపినవాణ్ణి. అందువల్ల ఈ మాట అనే చనువు తీసుకుంటున్నాను.

కార్వర్ పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. బానిసల పుట్టుకలు రిజిస్టర్లకు ఎక్కేవి కావు. 1864 ప్రాంతంలో అని అంచనా. ఊరు మిస్సోరీ రాష్ట్రంలో డైమండ్ గ్రోవ్. తల్లి పేరు మేరీ. ఆమెను మోజెస్ కార్వర్ అనే రైతు 1855లో 700 డాలర్లకు కొన్నాడు. తండ్రి పక్క కమతంలో బానిస. కొడుకును చూడకముందే, లేదా చూసిన కొద్దికాలానికే, ప్రమాదంలో పోయాడు. అంతర్యుద్ధం రోజులవి. బానిసలను ఎత్తుకుపోయి అమ్ముకునే గుంపులు రాత్రిళ్ళు తిరిగేవి. అలాంటి గుంపొకటి మేరీని, ఆమె చంకలోని పసివాణ్ణి ఎత్తుకుపోయింది. మోజెస్ ఒక మనిషిని వెతకడానికి పంపాడు. అతడు బిడ్డను మాత్రం తేగలిగాడు. తల్లి జాడ మళ్ళీ ఎన్నడూ తెలియలేదు. బిడ్డను తెచ్చినందుకు ప్రతిఫలంగా మోజెస్ అతనికి ఒక పందెపు గుర్రాన్ని ఇచ్చాడు. దాని విలువ 300 డాలర్లు. తన ప్రాణానికి కట్టిన ధర ఒక గుర్రమని కార్వర్‌కు పెద్దయ్యాక కూడా జ్ఞాపకమే.

బానిసత్వం రద్దయిన తరువాత మోజెస్, సుసాన్ దంపతులు జార్జినీ, అతని అన్న జిమ్‌నీ తమ ఇంట్లోనే ఉంచి పెంచారు. జిమ్ బలిష్ఠుడు, పొలం పనికి వెళ్ళేవాడు. జార్జి ఎప్పుడూ రోగిష్టి పిల్లవాడు. కోరింత దగ్గు, గొంతు జబ్బులతో తీసుకునేవాడు. అందుచేత సుసానమ్మ దగ్గర వంట, బట్టలు ఉతకడం, కుట్టుపని, అల్లికలు నేర్చుకున్నాడు. ఈ ఆడవాళ్ళ పనులే తరువాత ఇరవై ఏళ్ళపాటు ఆయనకు తిండి పెట్టాయి. మిగిలిన వేళ అడవిలో మొక్కలతో గడిపేవాడు. చుట్టుపక్కల వాళ్ళు వాడిపోతున్న మొక్కలను తెచ్చి ఈ కుర్రవాడికి చూపించేవారు. మొక్కల వైద్యుడని పేరు పడింది.

ఊళ్ళో బడికి నల్లపిల్లలను రానివ్వలేదు. పన్నెండేళ్ళు నిండీ నిండకుండా నియోషో అనే పట్నానికి నడిచి వెళ్ళి, మరియా వాట్కిన్స్ అనే మంత్రసాని ఇంట్లో పని చేసుకుంటూ చదువు మొదలుపెట్టాడు. నేర్చుకున్నదంతా మళ్ళీ నీవాళ్ళకు పంచిపెట్టమని ఆమె చెప్పిన హితవు ఆయన మరచిపోలేదు. అక్కడి నుంచి కాన్సాస్ రాష్ట్రంలో ఊరూరూ తిరిగాడు. ఫోర్ట్ స్కాట్‌లో 1879లో ఒక నల్లవాణ్ణి గుంపు చంపి కాల్చడం కళ్ళారా చూసి ఆ ఊరు విడిచిపెట్టాడు. హైస్కూలు పూర్తి చేసి, 1885 ప్రాంతంలో హైలాండ్ అనే కాలేజీకి పోస్టులో దరఖాస్తు పెడితే సీటు ఇచ్చారు. తీరా వెళ్ళి నిలబడ్డాక రంగు చూసి పొమ్మన్నారు. దరఖాస్తులో అన్నీ సరిగా ఉన్నా కౌంటరు దగ్గర తిరస్కరించడం మన దేశానికి ప్రత్యేకం కాదని అప్పుడు తెలుస్తుంది. కొంతకాలం నెస్ కౌంటీలో 160 ఎకరాల బంజరు తీసుకుని మట్టిగడ్డలతో ఇల్లు కట్టుకుని సేద్యం చేశాడు. అక్కడి కరువు మంచు తట్టుకోలేక వదిలివేశాడు.

1890లో అయోవాలోని సింప్సన్ కాలేజీ ఆయనను చేర్చుకుంది. చేరింది చిత్రలేఖనానికి, సంగీతానికి. ఆయన వేసిన కలబంద జాతి మొక్క చిత్రానికి 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ప్రశంస కూడా వచ్చింది. కాని చిత్రలేఖనం చెప్పిన ఎట్టా బడ్ అనే టీచరు, నల్లవాడికి బొమ్మలు కూడు పెట్టవని, మొక్కల మీద ఇంత మక్కువ ఉన్నవాడు వ్యవసాయం చదవడం మేలని నచ్చజెప్పింది. ఆమె తండ్రి ఏమ్స్ పట్నంలోని అయోవా వ్యవసాయ కళాశాలలో ఉద్యానశాస్త్ర ఆచార్యుడు. 1891లో అక్కడ చేరి, 1894లో బి.ఎస్., 1896లో ఎం.ఎస్. పట్టాలు తీసుకున్నాడు. ఆ కాలేజీలో మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే, తరువాత మొదటి నల్లజాతి అధ్యాపకుడూ ఆయనే. అప్పుడు ఒక ఆచార్యుడి చిన్న కొడుకు ఆయన వెంట పొలాల్లో తిరిగి మొక్కల పేర్లు నేర్చుకునేవాడు. ఆ పిల్లవాడు హెన్రీ వాలేస్, 1941లో అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు.

ఇక్కడ కథ ఆపి ఒక శాస్త్ర విషయం చెప్పాలి. మొక్కకు నత్రజని కావాలి. మన చుట్టూ ఉన్న గాలిలో అయిదింట నాలుగు వంతులు నత్రజనే. అయినా మొక్క దానిని నేరుగా తీసుకోలేదు. పప్పుజాతి పంట వేసిన నేల బలపడుతుందని రోమన్ రైతులకు తెలుసు, మన పెద్దలకూ తెలుసు. ఎందుకో మాత్రం ఎవరికీ తెలియదు. 1886లో జర్మనీలో హెల్‌రీగెల్ అనే శాస్త్రజ్ఞుడు, విల్ఫార్త్ అనే సహచరునితో చేసిన ప్రయోగాల ఫలితంగా, ఆ పంటల వేళ్ళ మీది బుడిపెలలో సూక్ష్మజీవులు ఉన్నాయని, గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చేవి అవేనని ప్రకటించాడు. 1888లో హాలెండుకు చెందిన బైయెరింక్ ఆ సూక్ష్మజీవిని విడదీసి పెంచి చూపాడు. అంటే కార్వర్ ఏమ్స్‌లో చదివేనాటికి ఈ సంగతి బయటపడి పదేళ్ళు కూడా కాలేదు. కొత్త పాఠం అది.

ఆ బుడిపెలో జరిగేది ఒక రకమైన పాలికాపు ఒప్పందం. మొక్క ఆకుల్లో తయారైన చక్కెరను వేరుకు పంపి సూక్ష్మజీవికి తిండి పెడుతుంది. సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకు ఇస్తుంది. ఆ పనికి ఎక్కువ ప్రాణవాయువు తగలకూడదు. అందుకోసం మన రక్తంలోని ఎర్ర పదార్థానికి దాయాది వంటిది ఒకటి బుడిపెలో తయారవుతుంది. బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే పని జరుగుతున్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే జరగడం లేదన్నమాట. ఇంకొక విశేషం ఉంది. నేలలో నైట్రేటు ధారాళంగా దొరికితే మొక్క ఈ ఒప్పందానికి రాదు. ఉచితంగా దొరుకుతుంటే చక్కెర ఖర్చు ఎందుకనుకుంటుంది. బుడిపెలు తగ్గిపోతాయి. పప్పు పంటకు యూరియా గుప్పించడం దండగ అనడానికి కారణం ఇదే. మన దగ్గర వేరుశనగకు ఎకరాకు ఎనిమిది కిలోల నత్రజని చాలన్న సిఫారసును నేను వందలసార్లు టైపు చేశాను. ఎందుకు ఎనిమిదేనని ఒక్కసారీ అడగలేదు.

1896లో బుకర్ టి. వాషింగ్టన్ అనే నల్లజాతి నాయకుడు అలబామా రాష్ట్రంలోని తన టస్కెగీ విద్యాసంస్థకు రమ్మని కార్వర్‌కు ఉత్తరం రాశాడు. జీతం ఏడాదికి వెయ్యి డాలర్లు, భోజన వసతి. ఏమ్స్‌లో ఉంటే సుఖంగా ఉండేవాడు. అక్టోబరులో టస్కెగీ వచ్చి చూస్తే ప్రయోగశాల లేదు. విద్యార్థులను వెంటబెట్టుకుని చెత్తకుప్పల్లో సీసాలు, పాత లాంతర్లు ఏరి సామగ్రి సమకూర్చుకున్నాడని చెబుతారు. రాష్ట్ర ప్రభుత్వం ప్రయోగ క్షేత్రానికి ఏడాదికి 1500 డాలర్లు మంజూరు చేసింది. క్షేత్రం పదెకరాలు, అదీ సారం పోయిన నేల. నల్లవాళ్ళ కోసం తెల్లవాళ్ళ శాసనసభ ఇచ్చిన నిధి కనుక అంతకంటే పెరగలేదు.

అలబామా రైతు పరిస్థితి ఎలా ఉండేదంటే, అతడు నేల యజమాని కాడు. పాలుకు చేసేవాడు. విత్తనం, ఎరువు, తిండిగింజలు అన్నీ దుకాణదారు దగ్గర అప్పు. పంట కోయకముందే పంట మీద దుకాణదారుకు హక్కు. దుకాణదారుకు కావలసింది పత్తి. కనుక ఇంటి గుమ్మం దాకా పత్తే. ఏడాది తరువాత ఏడాది అదే చేలో అదే పంట వేయగా నేల పీల్చుకుపోయింది. దిగుబడి పడిపోతే బస్తా ఎరువు అప్పు తెచ్చేవాడు. లెక్క తేలేసరికి చేతికి ఏమీ మిగలదు, ఒక్కోసారి ఇంకా బాకీ. మన ఊళ్ళలో షావుకారు ఖాతా తెలిసినవారికి ఇది వేరే వివరించనక్కరలేదు.

కార్వర్ మొదట చేసింది మనం ఊహించేది కాదు. ఆయన కూడా కొన్న ఎరువులతోనే మొదలుపెట్టాడు. 1899లో పత్తికి ఎరువుల ప్రయోగాల మీద ఒక కరపత్రం వేశాడు. ఫలితాలు వచ్చాయి. కాని ఆ ఫలితం ఎవరికి? బస్తా కొనగలిగినవాడికి. చుట్టుపక్కల రైతు కొనలేడు, కొంటే అప్పులో ఇంకా లోతుకు దిగుతాడు. ఇది గ్రహించడానికి ఆయనకు రెండు మూడేళ్ళు పట్టింది. అప్పుడు దారి మార్చాడు. అడవిలో ఆకు అలము, మడుగుల అడుగున నల్లమట్టి పోగుచేయించి ఎరువుగా వేయించాడు. పత్తి వేసిన చేలో మరుసటి ఏడు బొబ్బర్లు వేయమన్నాడు. 1903లో బొబ్బర్ల మీద, 1905లో సారం పోయిన నేలలను బాగుచేయడం మీద కరపత్రాలు వచ్చాయి. బొబ్బర్ల పుస్తకంలో సాగుతోపాటు వంటకాలు కూడా ఉన్నాయి. ఎందుకంటే తినడం తెలియకపోతే ఎవరూ పండించరు. నేలకు నత్రజని, ఇంటికి మాంసకృత్తులు, పశువుకు మేత, మూడూ ఒక్క గింజలో. దానికి దుకాణదారు సంతకం అక్కరలేదు.

ఈనాటి యూరియాకు మూలమైన అమ్మోనియా కార్ఖానా అప్పటికి ఎక్కడా లేదు. హేబర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1909లో ప్రయోగశాలలో చూపితే, 1913లో ఓప్పావులో మొదటి కార్ఖానా పనిచేసింది. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చడానికి వాళ్ళకు వందల డిగ్రీల వేడి, వందల రెట్ల ఒత్తిడి కావలసివచ్చాయి. బొబ్బర వేరులో అదే పని మామూలు ఎండకు, మామూలు తడికి జరిగిపోతున్నది. ఆ కార్ఖానాలు లేకపోతే ఇవాళ ప్రపంచానికి తిండి చాలదన్న మాటా నిజమే. నేను ఎరువుకు విరోధిని కాను. ఎక్కడ అక్కరలేదో చెప్పడం కూడా శాస్త్రమేనంటున్నాను.

చదువురాని రైతు కరపత్రం ఏమి చేసుకుంటాడు? కనుక బడినే బండి మీద ఎక్కించారు. న్యూయార్కుకు చెందిన మోరిస్ జీసప్ అనే దాత డబ్బుతో 1906లో ఒక బండి కట్టించారు. నాగళ్ళు, విత్తనాలు, పాలు చిలికే సాధనాలు దాని నిండా వేసుకుని ఊరూరూ తిప్పారు. ఏమేమి ఉండాలో ఏర్పాటు చేసింది కార్వర్. నడిపింది ఆయన శిష్యుడు టామస్ క్యాంప్‌బెల్. మన గ్రామసేవకుల వ్యవస్థ వంటిది అమెరికాలో చట్టబద్ధం కావడానికి ఇంకా ఎనిమిదేళ్ళు పట్టింది.

అంతలో మెక్సికో వైపు నుంచి పత్తికాయ తొలిచే ముక్కుపురుగు వచ్చింది. 1910 ప్రాంతంలో అలబామాలో దిగి పత్తిని ఊడ్చేసింది. పత్తి పోయిన చోట వేరుశనగ వేసి కోలుకున్న ఎంటర్‌ప్రైజ్ అనే పట్నం 1919లో ఆ పురుగుకే ఒక స్మారక స్తంభం కట్టుకుంది. కార్వర్ 1916లో వేరుశనగ సాగు, 105 రకాల వంటకాలు అనే కరపత్రం రాశాడు. 1921 జనవరిలో విదేశీ వేరుశనగ మీద సుంకం విషయమై అమెరికా ప్రతినిధుల సభ సంఘం ముందు సాక్ష్యమివ్వడానికి ఆయనను రైతు సంఘం పంపింది. ఇచ్చింది పది నిమిషాలు. మొదట కొందరు సభ్యులు వేళాకోళం చేశారు. ఆయన పెట్టె విప్పి ఒక్కొక్క సీసా తీస్తుంటే గడువు పొడిగిస్తూ పోయారు. 1922 చట్టంలో సుంకం చేరింది. ఆనాటి నుంచి దేశమంతా ఆయన వేరుశనగ మనిషి.

ఇక్కడ కొన్ని నిజాలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. వేరుశనగ వెన్న ఆయన కనిపెట్టింది కాదు. కెనడా దేశస్థుడొకడు 1884లోనే దాని వంటి దానికి పేటెంటు తీసుకున్నాడు. మూడువందల వస్తువుల్లో చాలా భాగం వంటకాలు, రంగులు, పూతలు. వ్యాపారంలో నిలిచినవి బహు కొద్ది. ఆయన తీసుకున్న పేటెంట్లు మూడే. అంతకంటే ముఖ్యమైన సంగతి, వేరుశనగను వేళ్ళతో సహా పీకి, కాయ కోసి, కట్టె మేతకు తరలిస్తే నేలకు మిగిలే నత్రజని స్వల్పం. బొబ్బర్లు కోసుకుని మొక్కను దున్నివేస్తే మిగిలేది ఎక్కువ. మన పెద్దలు వరి తరువాత పిల్లిపెసర చల్లి, జనుము చల్లి పూత దశలో కలియదున్నింది ఇందుకే. మరొక చేదు నిజం కూడా ఉంది. ఏ పంట వేయాలో నిర్ణయించే హక్కు లేని పాలికాపులలో చాలామంది ఆయన చెప్పింది విని, బాగుందని తలూపి, మళ్ళీ పత్తే వేశారు. దానికి కార్వర్ ఏమీ చేయలేకపోయాడు. జీవిత చరిత్రలలో ఇది ఒకటి రెండు వాక్యాలలో తేలిపోతుంది.

ఆఫీసు మనిషిగా కూడా ఆయనకు మంచి మార్కులు రావు. వచ్చీరాగానే ఒంటరివాడికి రెండు గదులు అడిగి తోటివాళ్ళ కోపం తెచ్చుకున్నాడు. కోళ్ళ విభాగం ఆయన కింద ఉండేది. నివేదికలో చూపిన లెక్కలు ఉన్నవాటికంటే ఎక్కువని 1904లో ఒక సంఘం తేల్చింది. రాజీనామా ఇస్తానన్నాడు, వాషింగ్టన్ పోనివ్వలేదు. చివరికి 1910లో పాలన వేరొకరికి అప్పగించి ఆయనను పరిశోధనకు పరిమితం చేశారు. జీతపు చెక్కులు బ్యాంకులో వేయకుండా సొరుగులో పడేసేవాడని, సంస్థ లెక్కలు సరిచూసుకోలేక గుమాస్తాలు తలపట్టుకునేవారని చదివినప్పుడు, ఆ గుమాస్తాల మీద నాకు కలిగిన సానుభూతి మీకూ కలుగుతుంది.

నా మాట కూడా ఒకటి చెప్పి ముగిస్తాను. 1990ల మధ్యలో నేనున్న ఒక కార్యాలయం పరిధిలో సోయా చిక్కుడు కొత్తగా వేయించారు. ఆ పంటకు తగిన బుడిపె సూక్ష్మజీవి మన నేలల్లో సాధారణంగా ఉండదు. అందుకని రైజోబియం కల్చరు 200 గ్రాముల ప్యాకెట్లలో వచ్చింది. బెల్లం నీళ్ళలో కలిపి విత్తనానికి పట్టించి నీడన ఆరబెట్టాలి. అది ప్రాణమున్న సరుకు, ఎండ తగిలితే చస్తుంది, గడువు దాటితే చస్తుంది. నేను దానిని స్టాకు రిజిస్టరులో నాగళ్ళ వరుస కింద రాసుకుని, రేకుల షెడ్డులో వేయించాను. వేసవి అంతా అక్కడే ఉంది. ఇండెంటు వచ్చాక పంచిపెట్టాము. సంతకాలు, నిల్వలు అన్నీ సరిపోయాయి. ఆగస్టులో ఒక రైతు పసుపు పచ్చగా పాలిపోయిన మొక్కలను వేళ్ళతో సహా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అధికారిగారు వచ్చి వేళ్ళు కడిగి చూశారు. ఒక్క బుడిపె లేదు. ఇప్పుడు యూరియా వేయడం తప్ప దారి లేదని చెప్పి పంపారు. ఆ యూరియా కూడా అతడు అప్పే చేసి ఉంటాడు. ఆడిట్‌లో నా మీద ఏ అభ్యంతరమూ రాలేదు. కార్వర్ గురించి వెతికి చదవడం ఆ తరువాతే మొదలుపెట్టాను.

కార్వర్ పెళ్ళి చేసుకోలేదు. జీతం పెంచమని అడగలేదు. 1929లో సి.ఎఫ్. ఆండ్రూస్ టస్కెగీ వెళ్ళినప్పటి పరిచయం వల్ల గాంధీగారికి ఆహారం విషయమై సలహాలు పంపాడు. కూడబెట్టిన సుమారు 60,000 డాలర్లను 1940లో పెట్టిన తన పేరిటి పరిశోధన నిధికి ఇచ్చివేశాడు. మెట్ల మీద పడిన దెబ్బ తరువాత కోలుకోలేక 1943 జనవరి 5న టస్కెగీలో కన్నుమూశాడు. అక్కడే బుకర్ వాషింగ్టన్ సమాధి పక్కన పూడ్చారు. అదే ఏడాది జూలైలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 30,000 డాలర్లు మంజూరు చేసి డైమండ్ గ్రోవ్‌లోని మోజెస్ కార్వర్ కమతాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది. ఒక నల్లజాతి వ్యక్తి పేరిట అమెరికాలో వెలసిన మొదటి జాతీయ స్మారకం అది.